కణ వర్ధనములో మూడవ కొలత: కొవ్వు, కాన్సరు నమూనాలపై ఒక విమర్శ

శరీరములోని కొవ్వును చాలకాలము ధాన్యపు గాదెగా మాత్రమే భావించిరి. మిగిలిన ఆహారమును దాచుకొనుట, లేమి దినములలో దానిని బయటికి తీయుట, చలినుండియు దెబ్బలనుండియు లోపలి అవయవములను కాపాడుట, ఇంతవరకే దాని పని యని పాఠ్యగ్రంథములు చెప్పుచు వచ్చినవి. 1994లో అమెరికాలోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందమువారు, తరువాత లెప్టిన్ అని పేరుపొందిన హార్మోను యొక్క జన్యువును కనుగొనిరి. కొవ్వు కణములు ఈ హార్మోనును రక్తములోనికి విడిచి, దేహములో నిల్వ ఎంత యున్నదో మెదడునకు తెలియజేయును. అప్పటినుండి కొవ్వు కణజాలము గాదెయే కాక, వార్తలు పంపు అవయవము కూడ నను అభిప్రాయము స్థిరపడినది.

ఆ వార్తలను మెదడు ఒక్కటే వినుచున్నదా? కాన్సరు కణములు కూడ వినుచున్నవా? ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2016లో తన నిర్ణయమును ప్రకటించినది. అధికమగు కొవ్వు చేరకుండ చూచుకొన్నచో 13 రకముల కాన్సరుల ముప్పు తగ్గునని దాని సారాంశము. ఋతుక్రమము ఆగిన స్త్రీలకు వచ్చు రొమ్ము కాన్సరు, గర్భాశయపు లోపొర కాన్సరు, పెద్దప్రేగు కాన్సరు ఆ జాబితాలో ఉన్నవి. అయితే జనసమూహములను పరిశీలించి తీసిన లెక్కలు సంబంధము కలదని చెప్పగలవు గాని, అది ఎట్లు కలుగుచున్నదో చెప్పలేవు. రొమ్ములో పుట్టిన కాన్సరు కణమునకు కొవ్వు కణము పొరుగిల్లు. ఆ ఇరుగుపొరుగుల నడుమ జరుగు వ్యవహారమును బ్రతికియున్న రోగి దేహములో గంటగంటకు కనిపెట్టి చూచుట సాధ్యము కాదు. కావుననే ప్రయోగశాలలో ఒక నమూనా కావలసి వచ్చినది.

నమూనా సరియైనది కానిచో జవాబు సరియైనది కానేరదు. ఆ జవాబును నమ్మి తయారుచేసిన మందు రోగివద్దకు వచ్చినప్పుడు పనిచేయక పోవచ్చును. అప్పటికి ఏండ్ల కాలము, ఎంతో ధనము, ఎన్నో జంతువుల ప్రాణములు, రోగి పెట్టుకొన్న ఆశ వ్యయమై యుండును. ఇటీవలి కాలమున “త్రిమితీయ కణ వర్ధనము” అను మాట పరిశోధన పత్రములలో విరివిగా వినబడుచున్నది. పొడవు, వెడల్పులతో పాటు లోతు కూడ గల నమూనా దేహమునకు దగ్గర కనుక అది చెప్పునది నిజమని పలువురు తలచుచున్నారు. ఈ తలంపు ఎంతవరకు నిలుచునో పరిశీలింపవలసి యున్నది.

బల్లపరుపు పళ్లెము

కణములను దేహము వెలుపల పెంచుట 1907లో రాస్ హారిసన్ చేసిన ప్రయోగముతో స్థిరపడినది. ఆయన కప్ప పిండము నుండి తీసిన నాడీ కణజాలమును గడ్డకట్టిన శోషరసపు బిందువులో ఉంచి, దానినుండి నాడీ తంతువు పెరుగుటను కన్నులార చూచెను. ఇక్కడ గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ తొలి తంతువు పెరిగినది బోసి గాజుపై కాదు. లోతు గల గడ్డలో. మూడవ కొలత ఈనాటి కొత్త కల్పన కాదు. నడుమ మరచిపోయిన దానిని శాస్త్రజ్ఞులు మరల చేపట్టిరి.

1951లో జాన్స్ హాప్కిన్స్ వైద్యాలయమున జార్జి గై ప్రయోగశాలలో హెన్రియెట్టా లాక్స్ అను రోగి కాన్సరు కణములు అంతులేక పెరుగనారంభించినవి. హీలా కణములను పేరుతో అవి లోకమంతట వ్యాపించినవి. తరువాత ప్లాస్టిక్ పళ్లెములు చౌకగా లభింపసాగినవి. పళ్లెము అడుగున ఒకే వరుసగా పరచుకొన్న కణములను సూక్ష్మదర్శినితో చూచుట, లెక్కించుట, వాటిపై మందు వేసి చూచుట ఎంతో సులభము. ఒకచోట చేసిన ప్రయోగమును వేరొకచోట తిరిగి చేయుటకును వీలు కలదు. వైరసులను గురించి, జన్యువులను గురించి ఈనాడు తెలిసిన దానిలో చాలభాగము ఈ పళ్లెములు ఇచ్చినదే. వాటిని చులకన చేయుట కృతఘ్నత యగును.

కాని లోపములును ఉన్నవి. దేహములో నలువైపుల పొరుగు కణములు, మెత్తని మాత్రిక గల కణము, ప్లాస్టిక్‌పై పడగానే పెనముపై పోసిన అట్టువలె పరచుకొనును. దాని పైభాగమునకు యానకము, అడుగుభాగమునకు రాయివంటి గట్టిదనము తగులును. 2005లో వాలెరీ వీవర్ బృందమువారు ప్రకటించిన కొలతల ప్రకారము చిట్టెలుక యొక్క ఆరోగ్యకరమగు స్తన కణజాలపు గట్టిదనము సుమారు 170 పాస్కలులు. కణితి గట్టిదనము సుమారు 4,000 పాస్కలులు. ప్లాస్టిక్ గట్టిదనమును వందకోట్ల పాస్కలులలో చెప్పవలెను. మెత్తని పరుపుకు, గట్టిపడిన కణితికి గల భేదమునే కణము గుర్తించుచుండగా, ఈ రెంటికిని లక్షలరెట్లు గట్టియగు ప్లాస్టిక్‌పై దాని నడవడి ఎట్లు సహజముగా నుండును?

తేలిపోవు కణము

కొవ్వు కణము విషయములో ఈ చిక్కు మరింత స్పష్టము. ఎదిగిన తెల్లకొవ్వు కణములో ఒకే పెద్ద నూనె బిందువు ఉండును. అది కణమునంతటిని ఆక్రమించి, కేంద్రకమును ఒక అంచునకు నెట్టివేయును. ఉంగరమునకు పొదిగిన రాయివలె కేంద్రకము ప్రక్కకు కనబడును. ఇంత నూనె గల కణమును యానకములో వేసినచో అది పళ్లెము అడుగునకు దిగదు. నీటిపై నూనెవలె పైకి తేలును. అడుగున అంటుకొనిన కణములనే చూచుటకు అలవాటుపడిన విధానములో ఎదిగిన కొవ్వు కణమునకు చోటే లేకపోయినది.

1986లో జపాను శాస్త్రజ్ఞుడు సుగిహర, ఆయన సహచరులు దీనికి ఒక చక్కని ఉపాయము కనిపెట్టిరి. సీసాను యానకముతో అంచువరకు నింపిరి. తేలిన కణములు పైకప్పునకు అంటుకొన్నవి. తరువాత సీసాను తలక్రిందులు చేసిరి. ఉపాయము ఫలించినది గాని, కొలది దినములలో ఆ కణములు తమ నూనెను పోగొట్టుకొని, సాగిన కదురు ఆకారము దాల్చి, కొవ్వు కణములుగా నుండుట మానివేసినవి. అంటుకొనుటకు చోటు దొరకినది; తన స్వభావముతో బ్రతుకుటకు చోటు దొరకలేదు.

ఈ కష్టమును తప్పించుకొనుటకు పెక్కుమంది 1970 దశకములో హోవర్డ్ గ్రీన్ ప్రయోగశాల అందించిన 3టీ3-ఎల్1 అను కణములను వాడుచున్నారు. ఇవి చిట్టెలుక పిండమునుండి వచ్చినవి. ఇన్సులిన్ మొదలగు ద్రవ్యముల మిశ్రమమును ఇచ్చినచో ఇవి కొవ్వును నింపుకొనును. కొవ్వు కణము ఎట్లు తయారగునో తెలుపుటలో వీటి మేలు గొప్పది. అయితే వీటిలో ఒక పెద్ద బిందువునకు బదులు చిన్నచిన్న బిందువులు అనేకము లుండును. ఎలుక పిండపు కణమును చూచి స్థూలకాయురాలగు స్త్రీ రొమ్ములోని కొవ్వును గురించి తీర్పు చెప్పునప్పుడు ఈ దూరమును మరువరాదు.

మూడవ కొలత ఇచ్చిన వెలుగు

1992లో మినా బిసెల్, ఓలె పీటర్సన్ మొదలగువారు రొమ్ములోని ఆరోగ్య కణములను, కాన్సరు కణములను ఒకే విధమగు మెత్తని జెల్‌లో పెంచిరి. ప్లాస్టిక్‌పై ఈ రెండు రకములను వేరుచేసి చెప్పుట కష్టము. జెల్‌లో ఆరోగ్య కణములు కొంతవరకు పెరిగి, చిన్న గోళములుగా క్రమముగా అమరి, పెరుగుట నిలిపివేసినవి. కాన్సరు కణములు క్రమము లేని గుంపులుగా పెరుగుచు పోయినవి. 1997లో వీవర్, బిసెల్ మరియొక అడుగు వేసిరి. కణము మాత్రికను పట్టుకొను బీటా-1 ఇంటెగ్రిన్ అను ప్రోటీనును ఒక ప్రతిరక్షకముతో అడ్డగించగా, జెల్‌లోని కాన్సరు కణములు తిరిగి క్రమముగా అమరి పెరుగుట ఆపివేసినవి. వాటి జన్యువులలోని లోపములు మాత్రము అట్లే ఉన్నవి. జన్యువు ఒక్కటే కణపు నడవడిని శాసింపదు, అది నిలిచిన చోటు కూడ శాసించునని ఈ ప్రయోగము చూపినది. దీనిని చూపుటకు బల్లపరుపు పళ్లెము చాలదు. మూడవ కొలతకు దక్కవలసిన ఘనత ఇది.

కణగోళములు ఇంకొక పాఠము నేర్పినవి. 1955లో ఇంగ్లండులో థాంలిన్సన్, గ్రే అనువారు ఊపిరితిత్తుల కణితుల కోతలను పరీక్షించి, రక్తము అందు అంచునుండి సుమారు 180 మైక్రోమీటర్లకు మించిన దూరమున కాన్సరు కణములు బ్రతికియుండలేదని చూచిరి. ఆక్సిజన్ అంతకంటె దూరము చొరబడక మునుపే దారిలోని కణములు దానిని వాడుకొనుచున్నవి. 1970 ప్రాంతమున రాబర్ట్ సదర్లాండ్ మొదలగువారు కణములను గోళములుగా పెంచినప్పుడు ఇదే స్థితి ఏర్పడినది. వెలుపల పెరుగు కణములు, వాటి లోపల మందగించిన కణములు, నడుమ చచ్చిన కణములు. విభజన చెందు కణములను చంపు మందులు వెలుపలి పొరను చంపి లోపలి కణములను ఎందుకు విడిచిపెట్టునో ఇట్టి గోళము చక్కగా తెలుపును. పళ్లెములో కణములన్నియు ఒకే పంక్తిలో భోజనమునకు కూర్చున్నట్లుండును. కణితిలో అట్టి సమపంక్తి లేదు.

పరుపును గూర్చి కొన్ని ఆక్షేపణలు

ఇంతవరకు మెచ్చుకొనినది న్యాయమే. కాని మెప్పు దగ్గర ఆగిపోరాదు. బిసెల్ మొదలు ఈనాటివరకు పలువురు వాడు జెల్ పేరు మాట్రిజెల్. అది చిట్టెలుకలలో పెరుగు ఒక కణితి నుండి తీసిన పదార్థము. చల్లగా నున్నప్పుడు ద్రవము, దేహపు వేడికి జెల్. దానిలో లామినిన్, నాలుగవ రకపు కొల్లాజెన్ ముఖ్యమైనవి గాని, వాటితో పాటు వేయికి పైగా వేరు ప్రోటీనులు ఉన్నట్లు 2010లో జరిగిన విశ్లేషణ తెలిపినది. కణముల పెరుగుదలను ప్రేరేపించు ద్రవ్యములును వాటిలో ఉన్నవి. ఒక విడతకు, మరియొక విడతకు ఈ మిశ్రమము సమానముగా నుండదు. మానవ కాన్సరు స్వభావము తెలిసికొనుటకు ఎలుక కణితితో చేసిన పరుపును పరచుట విడ్డూరమే.

అట్లని 1992 నాటి నిర్ణయము కూలిపోదు. ఆరోగ్య కణములను, కాన్సరు కణములను ఒకే పరుపుపై ఉంచి పోల్చిరి కనుక ఆ పోలిక నిలుచును. పోలిక లేక, ఒకే రకపు కణమును జెల్‌లో పెంచి, కనబడిన మార్పు నంతటిని మూడవ కొలతకు ఆరోపించు ప్రయోగములపైననే ఈ ఆక్షేపణ బలముగా తగులును. ఆ మార్పు లోతువలన కలిగినదా, మెత్తదనమువలన కలిగినదా, జెల్‌లోని ప్రేరక ద్రవ్యములవలన కలిగినదా యని విడదీయకున్నచో నిర్ణయము తొందరపాటగును.

రెండవ ఆక్షేపణ సహవాసులను గురించినది. 2003లో ప్రకటింపబడిన రెండు పరిశోధనలు, స్థూలకాయము పెరిగిన కొలది కొవ్వు కణజాలములో స్థూలభక్షక కణములు అధికముగా చేరునని చూపినవి. ఇవి వాపును కలిగించు ద్రవ్యములను విడుచును. రక్తనాళములు, రక్షణ కణములు, మాత్రికను నేయు కణములు అన్నియు కలిసినదే కొవ్వు కణజాలము. కొవ్వు కణములను మాత్రము తెచ్చి జెల్‌లో పొదిగి దానికి “కొవ్వు కణజాల నమూనా” యని పేరు పెట్టుట, ఇటుకలు పేర్చి ఊరు కట్టితిమనుట వంటిది. జెల్‌లో పొదిగిన కణము తేలిపోదు. ప్లాస్టిక్‌పై కంటె ఎక్కువ కాలము తన రూపమును నిలుపుకొనును. ఈ మేలు నిజమే. కాని స్థూలకాయమును గురించి ప్రశ్న వేసినప్పుడు స్థూలభక్షక కణములు లేని నమూనా సగము జవాబునే ఇచ్చును.

తులూజు ప్రయోగము చెప్పు నీతి

ఇక ముఖ్యమైన పరీక్షకు రావలెను. కొవ్వు కణమునకు, కాన్సరు కణమునకు గల వ్యవహారమును బయటపెట్టిన ప్రయోగములలో ఫ్రాన్సు దేశములోని తులూజు నగరమున కాథరీన్ ముల్లర్ బృందమువారు 2011లో ప్రకటించినది పేరొందినది. వారు రొమ్ము కాన్సరు కణములను ఎదిగిన కొవ్వు కణములతో కలిపి పెంచిరి. కాన్సరు కణములకు పొరుగు కణజాలములోనికి చొచ్చుకొనిపోవు శక్తి హెచ్చినది. కొవ్వు కణములును మారినవి. అవి నూనెను పోగొట్టుకొని, తమ గుర్తులను కోల్పోయి, ఇంటర్‌ల్యూకిన్-6 మొదలగు వాపు కలిగించు ద్రవ్యములను, మాత్రికను కోయు ఎంజైములను విడువసాగినవి. “ఆరు నెలలు సహవాసము చేసిన వారు వీరగుదురు” అను సామెత ఇక్కడ ఉభయులకును వర్తించినది.

ఈ ప్రయోగమునకు వాడిన పద్ధతి ద్విమితీయ సహవర్ధనము! మూడవ కొలత లేకయే ఈ ముఖ్యవిషయము బయటపడినది. దీనికి కారణము వెదకుట కష్టము కాదు. ఇక్కడి ప్రశ్న పొరుగును గురించినది. లోతును గురించినది కాదు. ఎదిగిన కొవ్వు కణమును తెచ్చి కాన్సరు కణమునకు పొరుగున నిలిపిరి. ప్రశ్నకు కావలసిన పాత్రలు రంగముపై నున్నవి. అంతటితో ఊరకుండక, రోగులనుండి తీసిన కణితుల అంచున గల కొవ్వు కణములలో కూడ అట్టి మార్పులను వెదకి చూచిరి. పళ్లెము చెప్పిన మాటను రోగి కణజాలముతో సరిచూచుటయే ఆ పనికి విలువ నిచ్చినది.

అదే 2011లో అమెరికాలోని చికాగో నగరమున ఎర్నెస్ట్ లెంగియెల్ బృందమువారు అండాశయ కాన్సరును గురించి ఇటువంటి ఫలితమునే ప్రకటించిరి. ఈ కాన్సరు కడుపులో ప్రేగులపై తెరవలె వ్రేలాడు కొవ్వుపొరకు తరచు వ్యాపించును. రోగులనుండి తీసిన ఆ పొరలోని కొవ్వు కణములతో కలిపి పెంచగా, కొవ్వు కణములలోని నూనె కాన్సరు కణములలోనికి చేరి, వాటికి ఇంధనమైనది. కొవ్వును మోయు ఎఫ్‌ఏబీపీ4 అను ప్రోటీను లోపించిన చిట్టెలుకలలో కాన్సరు వ్యాప్తి తగ్గినది. ఇక్కడను బలము నిచ్చినది నమూనా ఆకారము కాదు. మానవ కణము, సహవర్ధనము, జంతు పరీక్ష ఒకదాని మాటను మరియొకటి బలపరచుటయే.

అయినచో మూడవ కొలత అనవసరమా? కాదు. ప్రశ్న మాత్రిక గట్టిదనమును గురించినదైనప్పుడు పళ్లెము చేతులెత్తివేయును. 2015లో కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన క్లాడియా ఫిష్‌బాక్ బృందమువారు, స్థూలకాయము గల చిట్టెలుకల కొవ్వులోని మాత్రిక సాధారణ చిట్టెలుకల దానికంటె గట్టిదని చూపిరి. కణములను తొలగించి మిగిల్చిన ఆ మాత్రికపై రొమ్ము కాన్సరు కణముల దుర్లక్షణములు హెచ్చినవి. ఆ మాత్రికను ఉన్నదున్నట్లుగా తేకున్నచో ఈ విషయము తెలిసియుండెడిది కాదు. 2018లో ఫ్రాంక్ లౌ మొదలగువారు మానవ కొవ్వు కణజాలపు ముక్కలను రెండు కణపు పొరల నడుమ పొదిగి, వాటిని తేలిపోనీయక అనేక వారములు సజీవముగా నిలిపిరి. ఇందులో కొవ్వు కణము ఒంటరిగా కాక తన ఇంటివారితో సహా వచ్చినది. నమూనాలు పోవలసిన దారి ఇది.

తీర్పు

కావున ఏ నమూనానైనను “ఇది రెండు కొలతలదా, మూడు కొలతలదా?” అని అడుగుట చాలదు. అడుగవలసినవి వేరు. ఇందులోని కొవ్వు కణము నిజముగా ఎదిగిన కొవ్వు కణమేనా, ఏ ప్రాణిది, ఏ అవయవపుది? వేసిన ప్రశ్నకు కావలసిన పొరుగువారందరు ఉన్నారా? కణములు పెరిగిన పరుపులో ఏమున్నదో తెలియునా? దానితో పోల్చుటకు మరియొక వర్ధనము పక్కన నున్నదా? కడపట, అది చెప్పిన మాటను రోగి కణజాలములో సరిచూచిరా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల పళ్లెము, చెప్పలేని గోళముకంటె మేలు.

ఈ విమర్శకు నేడు తొందర కలదు. 2022 చివర అమెరికాలో వచ్చిన చట్టము, క్రొత్త మందులను మనుష్యులకు ఇచ్చుటకు ముందు జంతు పరీక్షకు బదులుగా కణములపై చేయు పరీక్షలను చూపుటకు వీలు కల్పించినది. 2023లో భారత ప్రభుత్వము కూడ క్రొత్త మందుల నియమావళిని సవరించి, ఇట్టి పద్ధతులకు చోటిచ్చినది. జంతువుల బాధను తగ్గించు ఈ మార్పు హర్షింపదగినది. కాని ప్రయోగశాలలో ఒక ఊహకు ఊతమిచ్చిన నమూనా ఇకపై మందు భద్రతకు సాక్ష్యము చెప్పబోవుచున్నది. సాక్షిని ప్రశ్నించకుండ సాక్ష్యము స్వీకరించుట న్యాయస్థానములో లేదు. శాస్త్రములో అంతకన్న ఉండరాదు.

పాఠశాలలో కణమును గురించి చెప్పు ఉపాధ్యాయులు నల్లబల్లపై ఒక వృత్తము గీసి, నడుమ కేంద్రకమును గుర్తింతురు. ఆ బొమ్మ అవసరమే. దాని ప్రక్కన కొవ్వు కణమును కూడ గీసి, కేంద్రకమును అంచునకు జరిపి, చుట్టు పొరుగు కణములను చూపినచో విద్యార్థికి ఒక సంగతి తోచును. కణము ఆకారము దాని పనినిబట్టియు, దాని పొరుగునుబట్టియు ఉండును. బొమ్మ కూడ ఒక నమూనాయే. అది దేనిని చూపుచున్నదో, దేనిని విడిచినదో రెండును చెప్పుట నేర్పిననాడు, రేపటి పరిశోధకుడు పళ్లెమును చూచినను, జెల్‌ను చూచినను మోసపోడు.